కొసరు రాయని పుస్తకం

బజారులో అతన్ని అందరూ గ్రాముల సారు అనేవాళ్ళు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఉద్యోగం తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూడటం, సరిగ్గా ఉన్నవాటికి సీసం ముద్ర వేయడం, తేడా ఉన్నవాటిని పట్టుకుపోవడం అతని పని. కిలోకి అయిదు గ్రాములు తగ్గినా చేత్తో ఎత్తి చెప్పేస్తాడని ప్రతీతి. అందులో సగం నిజం, సగం కొట్లవాళ్ళ భయం. ఇరవై ఆరేళ్లలో ఏ కొట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టలేదన్నది మాత్రం పూర్తిగా నిజం. నిప్పులాంటి మనిషి అనేవాళ్ళు. ఆ నిప్పు తొంభై ఎనిమిది కిలోలు తూగుతుందన్న సంగతితో ఎవరికీ పని పడలేదు.

పని పడింది వాళ్ళ అక్కకే.

అక్క అతనికన్నా తొమ్మిదేళ్లు పెద్ద. ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని చేసేది. అమ్మ పోయాక ఆ సూదీ దారంతోనే తమ్ముణ్ణి డిగ్రీ దాకా లాక్కొచ్చింది. ఆమె రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాదిన్నర అయింది. వారానికి మూడు రోజులు ఆస్పత్రికి వెళ్లి నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. మిగతా రోజుల్లో తాగే నీళ్లు కూడా గ్లాసుతో కొలుచుకోవాలి. తమ్ముడి కిడ్నీ ఆమెకి సరిపోతుందని పరీక్షల్లో తేలినప్పుడు ఇద్దరూ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆ నవ్వు పూర్తికాకముందే డాక్టరు లోపలికి పిలిచి, ఇంత బరువున్న మనిషిని కోయడానికి తాను సిద్ధంగా లేనని చెప్పేశాడు. ఎనభై ఆరుకి దిగితేనే ఆపరేషను, అందుకు ఆరు నెలలు గడువు. ఆ తర్వాత ఆపరేషనుని తట్టుకునే సత్తువ అక్క ఒంట్లో ఉంటుందో లేదో తాను హామీ ఇవ్వలేనని కూడా అన్నాడు.

పన్నెండు కిలోలే కదా అన్నాడు గ్రాముల సారు, ఎవరి కొట్లోనో పన్నెండు కిలోల బస్తా దింపుతున్నట్టు.

డైటీషియను ఒక చిన్న వయసు అమ్మాయి. నోట్లోకి పోయే ప్రతిదీ తూచి రాయమంది, రోజుకి ఎనిమిది వేల అడుగులు నడవమంది, అడుగులు లెక్కపెట్టే వాచీ ఒకటి కొనుక్కోమంది. తూచి రాయడం మీకు కొత్తేమీ కాదుగా సార్ అని నవ్వింది కూడా. అక్క ఆ వారమే కూర్చుని ఒక పుస్తకం కుట్టి ఇచ్చింది. గట్టి అట్ట, గుడ్డ వీపు, లోపల స్కేలుతో గీసిన నాలుగు గళ్ళు: తేదీ, తిన్నది, తూకం, అడుగులు. రోజూ సాయంత్రం ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి తనకి పంపాలని షరతు పెట్టింది.

మొదటి వారం అంతా సవ్యంగానే జరిగింది. అతని భార్య స్కూలు టీచరు. పొద్దున్నే వంటింటి కాటా మీద రొట్టె, ఉడికించిన కూరగాయలు, గుడ్డు తూచి డబ్బాలో సర్దిపెట్టి తన బడికి పోయేది. అతను ఆ తూకాన్నే పుస్తకంలోకి ఎక్కించేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి.

రెండో వారంలో ఆస్పత్రివాళ్ళు అవయవం ఇచ్చేవాళ్ళకోసం వేసిన చిన్న పుస్తకం ఒకటి అతని చేతిలో పెట్టారు. జీపులో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. ఆరో పేజీలో బొమ్మ ఉంది, పక్కటెముకల కింద ఎక్కడ కోస్తారో చుక్కల గీతతో చూపిస్తూ. పుస్తకం మూసి సీటు కింద పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఎండు పళ్ల కొట్లో కాటాకి ముద్ర వేశాక, కొట్టాయన అలవాటుగా పళ్లెంలో ఖర్జూరాలూ జీడిపప్పూ పెట్టి ముందుకు జరిపాడు. జరపడం మర్యాద, వద్దనడం సారు పద్ధతి. ఇరవై ఆరేళ్లుగా అలాగే నడుస్తోంది. ఆ రోజు సారు చెయ్యి పళ్లెంలోకి వెళ్లింది. కొట్టాయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. పళ్లెం ఖాళీ అయింది. చుక్కల గీతకీ ఈ జీడిపప్పుకీ సంబంధం ఉందని అతనికి అప్పుడు తట్టలేదు. తట్టనివ్వలేదు అంటేనే న్యాయంగా ఉంటుంది.

సాయంత్రం అక్క కుట్టిన పుస్తకం తెరిచి కూర్చుంటే చిక్కొచ్చింది. తిన్నదేమో తిన్నాడు, కానీ తూకం ఏదీ? తూచనిది ఏమని రాస్తాడు? అప్పుడు వృత్తే అతన్ని ఆదుకుంది. వ్యాపారి కిలో తూచాక పైన ఓ గుప్పెడు వేస్తాడు. దాన్ని కొసరు అంటారు. కాటా మీద ఉన్నంతవరకే చట్టం. కొసరు ఎంత, ఎందుకు వేశావు అని ఏ ఇన్‌స్పెక్టరూ అడగడు. అది లెక్కలోకి రాదు. ఇన్నేళ్లుగా ఈ ముక్క కొన్ని వందలమందికి అతనే చెప్పాడు. ఇప్పుడు తనకి తానే చెప్పుకుని, మధ్యాహ్నం డబ్బాలోని మూడు వందల గ్రాములూ రాసి, పుస్తకం మూశాడు. నిజంగానే నమ్మాడు, ఆ ఒక్క సాయంత్రం.

నమ్మకం ఒక్కరోజుదే అయినా, వాడకం మూడు నెలలు సాగింది. బేకరీలో కేకు అంచులు కొసరు. ఆఫీసులో తోటి గుమాస్తా పుట్టినరోజు మిఠాయి కొసరు. టీతో నాలుగు బిస్కెట్లు, ఇంట్లో గిన్నె అడుగున మిగిలిన కూర, భార్య బడి నుంచి వచ్చేలోపు డబ్బాలోంచి తీసుకున్న వేరుశనగలు, అన్నీ కొసరే. రెండో నెల తిరిగేసరికి కొసరు తూకాన్ని మించిపోయింది. బజారులో గుసగుసలు మొదలయ్యాయి. సారు తింటున్నాడట అన్నారు కొట్లవాళ్ళు, ఒక్క మాటలో రెండర్థాలు ఇరికించి. ఆ మాట చెవిన పడినప్పుడు అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఏ కొట్టుకీ పోలేదు. జీపు బేకరీ వెనక సందులో ఆపించి, డ్రైవర్ని కాస్త గాలి పీల్చుకు రమ్మని పంపి, ఒక్కడే కూర్చుని తిన్నాడు.

ఇక అడుగుల గడి. అక్కడ మోసం తనంతట తానే వచ్చి చేతిలో వాలింది. ముద్ర వేయాలంటే సీసం గుళికని తీగకి బిగించి అచ్చు పెట్టి సుత్తితో కొట్టాలి. వాచీ కుడిచేతికి ఉంది. అరవై కాటాలకి ముద్రలు వేసిన రోజు సాయంత్రం చూసుకుంటే వాచీ మూడువేల అడుగులు ఎక్కువ చూపించింది. సుత్తి దెబ్బ ఒక్కోటీ ఆ వెర్రి వాచీకి ఒక్కో అడుగు. ఇది తెలిశాక పెద్దమనిషి వాచీని ఎడమచేతికి మార్చాలి. మార్చలేదు. ముద్రలు లేని రోజుల్లో టీవీ ముందు కూర్చుని మోకాలి మీద చెయ్యి ఆడిస్తూ ఉండేవాడు. ఏమిటా ఆడింపు అని భార్య ఒకసారి అడిగింది. నరాల బలహీనత అన్నాడు. ఆమె అతని ముఖం వైపూ, బెల్టు వైపూ చూసి, ఇంకేమీ అడక్కుండా పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్లిపోయింది. ఆ మౌనం కన్నా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

అందరికన్నా అక్కే అతన్ని ఎక్కువ చంపుకు తినేది, అదీ ప్రేమతో. ఫోటో చేరగానే ఫోను చేసేది. ఇవాళ రెండు రొట్టెలేనా, పన్నెండు వేల అడుగులా, కళ్ళు తిరగడం లేదు కదా అని ఒకటే ఆరాటం. ఆదివారాలు చూడటానికి వెళితే యాపిల్ పండు కోసి పళ్లెంలో పెట్టి, నాకోసం మాడిపోతున్నావురా, ఈ ఒక్కటీ తిను, ఎవరికీ చెప్పను అని బతిమాలేది. ఆమె తినకూడనివి మూరెడు పొడవు జాబితా. ఉప్పు లేని కూర తిని, కొలిచిన నీళ్లు తాగి, పొడారిపోయిన పెదాలతో ఆమె అలా బతిమాలుతుంటే అతను గంభీరంగా తల అడ్డంగా ఊపేవాడు. వద్దక్కా, లెక్క తప్పుతుంది అనేవాడు. ఆ మాట నోటినుంచి వస్తుంటే తన గొంతు తనకే అసహ్యంగా వినిపించేది. అయినా అనేవాడు. అక్కడినుంచి బయటపడి, మలుపు తిరిగాక రెండు క్రీము బన్నులు కొనుక్కుని నిలబడి తినేవాడు. రుచి తెలిసేది కాదు. నములుతుంటే కళ్ళలో నీళ్లు తిరిగేవి. అయినా రెండోది వదిలేవాడు కాదు.

మొదటి నెల చివర కిలో తగ్గాడు. రెండో నెల అక్కడే నిలిచాడు. మూడో నెల తనిఖీకి ఆస్పత్రి కాటా తొంభై ఏడు పాయింట్ ఆరు చూపించింది. డైటీషియను పుస్తకం తిరగేసి, లెక్కలు కట్టి, నుదురు రుద్దుకుంది. ఇంత తక్కువ తిని ఇంత నడిచే మనిషి బరువు తగ్గకపోవడం జరగదు, ఒంట్లో ఏదో గ్రంథి సరిగ్గా పనిచేయకపోయి ఉండాలి, రక్త పరీక్షలు రాస్తాను అంది. పుస్తకాన్ని మాత్రం ఆ పిల్ల అనుమానించలేదు. గ్రాముల సారు రాసిన తూకాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఆ రోజు అక్క కూడా పక్కనే ఉంది. కింది అంతస్తులో మిషను ముగించుకుని, చేతికి కట్టుతో పైకి వచ్చింది. పరీక్షలు అనగానే ఆమెకి కోపం వచ్చింది.

"మావాడి ఒంట్లో ఏ లోపమూ లేదమ్మా. లోపం మీ కాటాలో ఉంది. మావాడి పుస్తకం తప్పు కాదు, కానేరదు. నువ్వే చెప్పరా, కాటా చూడు ఒకసారి."

అప్పుడు చెప్పేయాల్సింది. గదిలో ముగ్గురే ఉన్నారు, తలుపు వేసి ఉంది, అక్క ఎదురుగా ఉంది. గ్రాముల సారు కాటా వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. "చూడాలి" అన్నాడు. ఆ ఒక్క మాటతో అక్క ముఖం విప్పారింది. సోమవారం కాటాని పరీక్షించే తూకం రాళ్లు తెస్తాడని ఆమే డైటీషియనుకి మాటిచ్చేసింది.

మధ్యలో నాలుగు రోజులు దొరికాయి. సొంత మనుషుల వ్యవహారంలో ఇన్‌స్పెక్టరు తనిఖీ చేయకూడదని నియమం ఉంది. ఆ నియమం అడ్డం పెట్టుకుని తప్పించుకోవచ్చా అని ఆలోచించాడు. నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఫోను చేసి, మందులు వేసుకున్నావా అని అడిగి పెట్టేశాడు. కాటా నిజంగానే తప్పయి ఉండవచ్చు కదా అని ఆశ కూడా పడ్డాడు. ఊళ్ళో పదింట్లో మూడు కాటాలు తేడాగానే తూగుతాయి. ఆఫీసులో, నిలువెత్తు కాటా పక్కనుంచి రోజుకి పదిసార్లు నడుస్తూ, ఒక్కసారి ఎక్కి చూసుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

సోమవారం ఇరవై కిలోల రాళ్లు అయిదు జీపులోంచి దింపించి, ఆస్పత్రి మనుషులచేత పైకి మోయించాడు. కింద మిషను ముగించుకుని వచ్చిన అక్క, డైటీషియను చూస్తుండగా కాటా సున్నా చూశాడు. ఒక రాయి పెట్టాడు, రెండు పెట్టాడు, అయిదూ పెట్టాడు. నాలుగు మూలలా మార్చి చూశాడు. అంకెలు కనిపించే అద్దం గోడవైపు తిరిగి ఉంది, వంగి చూస్తే తప్ప కనిపించదు. వంగింది అతనొక్కడే. ఇరవై, నలభై, అరవై, ఎనభై, వంద. వెంట్రుకవాసి తేడా లేదు. తన సర్వీసులో ఇంత నిజాయితీగల కాటాని అతను చూసి ఉండడు.

తనిఖీ అయ్యాక ఫారం నింపాలి. అందులో రెండే మాటలు ఉంటాయి, సరి అనీ, తేడా అనీ. ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని కొట్టేయాలి. తేడా అని ఉంచితే ఈ కాటా ఇవాళే మూలన పడుతుంది. కొత్తది రావడానికి నెల పడుతుంది. నెల దొరుకుతుంది, పరువు దక్కుతుంది, అక్క నమ్మకం అలాగే ఉంటుంది. అతని మాట కాదనగల మనిషి ఆ గదిలోనే కాదు, ఆ ఊళ్లోనే లేడు.  ఇరవై ఆరేళ్లలో పోగేసుకున్నది ఒక్కటే, ఆ మాట విలువ. దాన్ని తన పొట్టకోసం ఖర్చుపెట్టబోతున్నానని అర్థమయ్యేసరికి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

"ఎంత తేడారా?" అంది అక్క.

"తేడా లేదక్కా. కాటా సరిగ్గానే ఉంది."

సరి అన్న మాట ఉంచి, రెండోది కొట్టేసి, సంతకం పెట్టాడు. రాళ్లు పక్కకి దించి, ఎవరూ అడగకుండానే తనే కాటా ఎక్కాడు. తొంభై ఎనిమిది పాయింట్ మూడు. మొదలుపెట్టిన రోజుకన్నా మూడు వందల గ్రాములు ఎక్కువ. అంకెని పైకి చదివాడు. డైటీషియను పుస్తకం చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"మరి పుస్తకంలో రాసింది?" అంది అక్క.

 రాసినవన్నీ తిన్నవే, కానీ తిన్నవన్నీ రాయలేదన్నాడు. కొసరు సంగతి చెప్పాడు, సుత్తి సంగతి చెప్పాడు, ఆదివారం బన్నుల సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కాటా మీదే నిలబడి ఉన్నాడు, దిగాలని కూడా తోచలేదు. యాభై రెండేళ్ల మనిషి, కొట్లవాళ్ళు లేచి నిలబడే మనిషి, పలక పగలగొట్టుకుని వచ్చిన పిల్లాడిలా తల వేలాడేశాడు.

అక్క తిట్టలేదు. చేతి కట్టు సర్దుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆకలికి తిన్నావా, భయానికి తిన్నావా?"

ఆకలికే అని చెబుదామనుకున్నాడు. తిండిపోతు అనిపించుకోవడం తేలిక. అక్కకి కిడ్నీ ఇవ్వడానికి వెనకాడి, ఆ వెనకాడటాన్ని తిండి చాటున దాచుకున్నవాడు అనిపించుకోవడం కష్టం. తానే ఇన్నాళ్లూ ఆ రెండో మాట వైపు చూడలేదు. ఇప్పుడు చూడక తప్పలేదు.

"భయానికే అక్కా. ఆస్పత్రి పుస్తకంలో కోత బొమ్మ చూసిన రోజునుంచి. బరువు తగ్గకపోతే వాళ్ళే వద్దంటారు, నేను వద్దనక్కర్లేదు అని లోపలెక్కడో అనుకున్నట్టున్నాను."

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే పక్కన కూర్చునేదాన్ని కదరా. నాకు మాత్రం భయం లేదా? రోజూ నీ పేజీ ఫోటో చూసి, ఇంతేనా తిన్నాడు, నాకోసం ఎండిపోతున్నాడు అని ఏడ్చేదాన్ని. నువ్వు పడని ఆకలికి నేను మూడు నెలలు ఏడ్చాను."

 కాళ్ళ కింద కాటా ఉంది, దాని మీద తొంభై ఎనిమిది కిలోల సిగ్గు ఉంది. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననుకున్నాడు. డైటీషియను, అవయవం ఇచ్చేవాళ్ళ జాబితాలో పేరు ఉంచాలా, కొట్టేయాలా, ఏదో ఒకటి ఇవాళ డాక్టరుకి చెప్పాలంది. ఇంకా మూడు నెలలు గడువు ఉందనీ, నిజంగా చేస్తే పన్నెండు కిలోలు సాధ్యమేననీ అంది. వద్దనుకుంటే తప్పు లేదు, కారణం బయటికి చెప్పరు అని కూడా అంది. అక్క కిటికీ వైపు తిరిగింది, అతని ముఖం మీద తన చూపు బరువు పడకుండా.

"ఉంచండి" అన్నాడు.  భయం పోలేదు. దాన్ని ఇక దాచుకోవడం లేదు, అంతే.

అతను దిగి వచ్చి అక్క ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పుస్తకం దగ్గరికి లాక్కుని, రాసిన పేజీలన్నీ ఒక్కసారిగా తిప్పేసి, ఖాళీ పేజీ తెరిచి, ఒడిలో పెట్టుకుంది. అతని జేబులోంచి కలం తీసుకుంది. ఇక నుంచి రాసేది తనే, అతను చెబితే చాలు అంది.

"పొద్దున్నుంచి ఏం తిన్నావో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాడు. భార్య తూచి ఇచ్చిన రొట్టె చెప్పాడు. జీపులో తిన్న బిస్కెట్లు చెప్పాడు. ఆస్పత్రికి బయలుదేరే ముందు నిలబడి తిన్న కేకు చెప్పాడు. ఆమె ఒక్కొక్కటే రాసుకుంటూ పోయింది. నాలుగోది చెప్పేసరికి, ఇంకా ఉందా అన్నట్టు ఆమె చేతిలో కలం ఆగిపోయింది. అతను తల ఎత్తకుండానే అయిదోది చెప్పాడు.